ముందు కొనాల్సింది బూట్లు కాదు

పరుగు మొదలుపెడదామనుకున్నవాళ్లకి మహారాష్ట్రలోని మా చంద్రపూర్‌లోనైనా, హైదరాబాద్‌లోనైనా దొరికే మొదటి సలహా ఒకటే: "ముందు మంచి రన్నింగ్ షూస్ కొనుక్కో, మిగతావి తర్వాత చూసుకోవచ్చు." మంచివంటే ఎనిమిది వేలో, పది వేలో. చౌకవి వేసుకుంటే మోకాళ్లు పోతాయన్న బెదిరింపు దానికి తోడు. ఈ మాట ఎంతగా పాతుకుపోయిందంటే, డబ్బు లేనివాళ్లు పరుగునే వాయిదా వేసుకుంటున్నారు. ఉన్నవాళ్లు ఉన్నదంతా పాదాల మీద పెట్టి, ఒంటి మీద మాత్రం ఇంట్లో చేతికందింది తొడుక్కుని రోడ్డెక్కుతున్నారు. ఈ సలహా తప్పు. ఇక్కడి ఎండకి, ఇక్కడి రోడ్లకి, ఇక్కడి ఆడపిల్లలకి మరీ తప్పు.

ముందు ఆ మోకాళ్ల సంగతి తేల్చుకుందాం. పాదం వంపు ఎక్కువో తక్కువో చూసి, దానికి తగిన బూట్లు ఇస్తే గాయాలు తగ్గుతాయా అని అమెరికా సైన్యం తన కొత్త రిక్రూట్ల మీదే పరీక్షించి చూసింది. ఆర్మీ, వైమానిక దళం, మెరైన్లు, మూడు చోట్లా ఒక జట్టుకి పాదాన్ని బట్టి బూట్లు ఇచ్చారు, ఇంకో జట్టుకి పాదంతో పనిలేకుండా అందరికీ ఒకే రకం ఇచ్చారు. 2009, 2010లలో వెలువడిన ఫలితాల్లో రెండు జట్ల గాయాలకీ చెప్పుకోదగ్గ తేడా లేదు. కెనడాలోని కాల్గరీ విశ్వవిద్యాలయంలో దశాబ్దాలపాటు ఇదే పరిశోధించిన బెన్నో నిగ్ 2015లో ప్రతిపాదించింది కూడా తొడుక్కున్న మనిషికి ఏది హాయిగా ఉంటే అదే తీసుకోమని. కొత్తవాళ్లకి పిక్కలు, మోకాళ్లు పట్టేయడం చాలావరకు మొదటి వారాల్లోనే దూరాన్నీ వేగాన్నీ అమాంతం పెంచేయడం వల్ల. దాన్ని ఏ ఖరీదైన బూటూ ఆపలేదు.

అలాగని వట్టికాళ్లతో పరిగెత్తమని నేను అనను. బుల్దానా జిల్లా నుంచి బారామతికి వలసవెళ్లిన లతా కరే, భర్త వైద్యానికి డబ్బుల్లేక, తొమ్మిది గజాల నౌవారీ చీరతో, చెప్పుల్లేకుండా పరిగెత్తి పోటీ గెలిచింది. ఆమె కథని మన తెలుగు దర్శకుడు నవీన్ దేశబోయిన మరాఠీలో సినిమా తీస్తే అందులో ఆమే నటించింది, 67వ జాతీయ చలనచిత్ర పురస్కారాల్లో ప్రత్యేక ప్రస్తావన పొందింది. ఆ కథ చూపించి "చూశావా, ఏమీ అక్కర్లేదు" అనేవాళ్లని చూస్తే నాకు కోపం వస్తుంది. డబ్బు లేక ఆమె అలా పరిగెత్తింది. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో వట్టికాళ్లతో మారథాన్ గెలిచిన అబెబె బికిలాకి కూడా దొరికిన బూట్లు పాదానికి కుదరలేదు. 1964లో టోక్యోలో అతను బూట్లు వేసుకునే మళ్లీ గెలిచాడు. ఆ రెండో గెలుపు ఎవరూ గుర్తుచేయరు.

కాబట్టి బూట్లలో చూడాల్సింది పాదానికి కుదిరాయా లేదా అని. చిన్నప్పటి నుంచీ చెప్పులతో, వట్టికాళ్లతో తిరిగిన పాదం వేళ్ల దగ్గర వెడల్పుగా ఉంటుంది. దక్షిణ భారతంలో చెప్పుల్లేకుండా నడిచేవాళ్ల పాదాలు కొలిచి 2009లో ప్రచురించిన ఒక అధ్యయనం కూడా ఆ సంగతే చెప్పింది. సన్నటి మూసలో పోసిన బూటు ఎంత ఖరీదైనా ఆ పాదానికి శిక్షే. పాదం కాస్త ఉబ్బి ఉండే సాయంత్రం పూట దుకాణానికి వెళ్లాలి. పరుగుకి వేసుకునే మేజోళ్లతోనే తొడిగి చూడాలి. లేచి నిలబడితే పొడవాటి వేలి ముందు బొటనవేలంత ఖాళీ ఉండాలి, చిటికెనవేలు పక్కకి నొక్కుకోకూడదు. మడమ జారుతోందేమో దుకాణంలోనే నాలుగడుగులు పరిగెత్తి చూడాలి. ఆ నాలుగడుగులు వేయనివ్వనిచోట కొనొద్దు. బూట్ల గురించి కొత్తవాళ్లకి తెలియాల్సింది ఇంతే.

ఇక ఒంటి సంగతి. చంద్రపూర్‌లో ఏప్రిల్, మే నెలల్లో 45 డిగ్రీలు దాటడం మామూలే. మధ్యాహ్నం బయటికెళ్తే ఆడా మగా తేడా లేకుండా తలకి దుపట్టా చుట్టుకునే ఊరిది. ఇలాంటిచోట శరీరాన్ని చల్లబరిచేది ఆరే చెమట ఒక్కటే, ఆ చెమటకి దారివ్వాల్సింది బట్ట. పొడి వేసవిలో పల్చటి, వదులైన నూలు బనియన్‌తో అరగంట నిక్షేపంగా పరిగెత్తొచ్చు. తడిసిన నూలు ఆ పొడిగాలికి చల్లగానే ఉంటుంది. వానలు పడ్డాక అదే బనియన్ నీళ్లు పీల్చి బరువెక్కి, ఒంటికి అతుక్కుని చంకల్లో, తొడల్లో ఒరిపిడి పెడుతుంది. అప్పుడు పల్చటి పాలిస్టర్ టీషర్ట్ కావాలి. నిక్కరు లోపలి కుట్టు తొడల మధ్యకి రాకూడదు. వచ్చిందంటే రెండు కిలోమీటర్లలో చర్మం లేస్తుంది, మర్నాడు నడక కూడా వంకరే. ఒరుసుకునే చోట్ల ముందే వాజెలిన్ రాసుకోవాలి. మేజోళ్లు మాత్రం ఏ కాలంలోనూ నూలువి వద్దు. తడిసిన నూలు మేజోడులో వేళ్ల మధ్య బొబ్బలు లేస్తాయి, పరుగు మాన్పించడానికి ఆ బొబ్బలు చాలు.

అన్నిటికన్నా నన్ను బాధపెట్టేది ఆడపిల్లల విషయంలో మన మౌనం. ఒకప్పుడు ఆదిలాబాద్ జిల్లాలో ఉన్న రాజురా, గనులూ కాగితం మిల్లూ ఉన్న బల్లార్‌పూర్, ఇలాంటి మా చుట్టుపక్కల ఊళ్లలోని తెలుగిళ్ల పిల్లలు చాలామంది పరుగు మొదలుపెట్టేది పోలీస్ భర్తీ కోసమే. అందులో పరుగు పరీక్ష అబ్బాయిలకి 1600 మీటర్లు, అమ్మాయిలకి 800. ఆ అమ్మాయికి అన్నదమ్ములూ కోచ్‌లూ బూట్ల గురించి చెప్తారు. స్పోర్ట్స్ బ్రా ఒకటుంటుందని, తనకి ముందు కావాల్సింది అదేనని ఒక్కరూ చెప్పరు. అది 1977లో అమెరికాలోని వెర్మాంట్‌లో పుట్టింది. మగ ఆటగాళ్లు లోపల కట్టుకునే సపోర్టర్లు రెండింటిని కలిపి కుట్టి ముగ్గురు ఆడవాళ్లు తయారుచేశారు. లండన్ మారథాన్‌లో పరిగెత్తిన ఆడవాళ్లని అడిగితే దాదాపు మూడోవంతు మంది రొమ్ము నొప్పి ఉందన్నారు. అది దూరాలు పరిగెత్తే అలవాటున్నవాళ్ల మాట. మామూలు లోదుస్తులతో, పైన మందపాటి కుర్తాతో, దాని మీద పిన్నీసు పెట్టిన చున్నీతో పరుగు మొదలుపెట్టే పద్దెనిమిదేళ్ల పిల్ల ఆ నొప్పి ఎవరితో చెప్పుకోవాలి? చెప్పుకోదు. "నా వల్ల కాదు" అని మానేస్తుంది. ఆ పిల్లకి ఓపిక లేదని మనం తీర్మానిస్తాం.

రోడ్డు మాట కూడా చెప్పాలి. ఎండ భయానికి అందరం చీకటితోనే బయల్దేరతాం. ఆ వేళకి బొగ్గు లారీలు తిరుగుతూనే ఉంటాయి, రోడ్డంతా నల్లటి దుమ్ము. మురికి కనిపించదని నల్ల టీషర్ట్, నల్ల ప్యాంటు వేసుకుంటే డ్రైవర్‌కి మనిషే కనిపించడు. తెల్లదో పసుప్పచ్చదో వేసుకోవాలి, వీపు మీద లైటు పడితే మెరిసే పట్టీ ఉంటే ఇంకా మేలు. కొత్తవాళ్లకి అందరూ సిఫారసు చేసే ఇంకో వస్తువు ఇయర్‌ఫోన్స్. ఇక్కడ అవి వద్దే వద్దు. వెనక వచ్చే లారీ ఒకటే కాదు, మా ఊరి థర్మల్ విద్యుత్ కేంద్రం చుట్టుపక్కల పులీ చిరుతా తిరుగుతాయి. 2022లో ఆ ప్రాంతంలోనూ పక్కనున్న దుర్గాపూర్‌లోనూ వాటి దాడుల్లో మనుషులు చనిపోయారు. పొదల వైపు రోడ్డులో చీకట్లో ఒంటరిగా వెళ్లకూడదు. తెల్లారేదాకా ఆగాలి, చెవులు ఖాళీగా ఉంచుకోవాలి.

చేతిలో రెండు వేలే ఉన్న అమ్మాయి ముందు సరైన కొలత స్పోర్ట్స్ బ్రా, రెండు జతల మేజోళ్లు, ఒక లేతరంగు టీషర్ట్ తీసుకోవాలి. మిగిలినదాంట్లో పాదానికి కుదిరిన బూట్లు, ఏ కంపెనీవైనా సరే. గడియారం, బెల్టు, పిక్కలకి బిగుతు తొడుగులు ఇప్పుడు అక్కర్లేదు. కోచింగ్ సెంటర్లు మైదానంలో మొదటిరోజే ఈ వరస చెప్పాలి. అమ్మాయిలకి చెప్పడానికి ఒక ఆడమనిషిని పెట్టాలి. మన ఊళ్లలో క్రీడాసామగ్రి దుకాణాలు గోడంతా బూట్లే పేరుస్తున్నాయి. ఒక అరలో స్పోర్ట్స్ బ్రాలు అన్ని కొలతల్లోనూ ఉంచి, వేసి చూసుకోవడానికి తలుపున్న ఒక చిన్న గది కట్టించమని కొనేవాళ్లు అడగాలి.