ఒకే గేటు, ఒకే సుంకరి

పాయకరావుపేట నుంచి విశాఖపట్నం వైపు జాతీయ రహదారి మీద బయల్దేరితే కాసేపటికి వేంపాడు టోల్‌గేటు వస్తుంది. అక్కడ డబ్బు కట్టేటప్పుడు విసుక్కోని వాళ్లు తక్కువ. అయినా ఆ గేటుకు కొన్ని హద్దులున్నాయి. రేటు బోర్డు మీద రాసి ఉంటుంది. ఆ రేటును కేంద్ర ప్రభుత్వ నిబంధనల ప్రకారం నిర్ణయిస్తారు. లారీకి ఎన్ని ఇరుసులున్నాయో చూస్తారు గానీ, లోపలున్న కొబ్బరికాయల ఖరీదెంతో అడిగి అందులో వాటా తీసుకోరు. అన్నిటికంటే ముఖ్యంగా, టోలు వసూలు చేసేవాడే కొబ్బరికాయల వ్యాపారం కూడా పెట్టుకుని, పోటీ వ్యాపారుల లారీలను ఆపే అధికారం తన చేతిలో ఉంచుకోడు.

మన చేతిలోని ఫోనులో కూడా ఒక గేటు ఉంది. దానికి ఈ హద్దులు ఉండాలా వద్దా అన్నదే ఇప్పుడు మన దేశంలోనూ, ప్రపంచమంతటా నడుస్తున్న పెద్ద వివాదం. ఇది కంపెనీల గొడవ, మనకెందుకు అనుకునే విశ్వాసులు చాలామంది ఉంటారు. మనకెందుకో చెప్పడానికే ఈ మాటలు రాస్తున్నాం.

2024 మార్చి 1న గూగుల్ సంస్థ తన ప్లే స్టోర్ నుంచి కొన్ని భారతీయ కంపెనీల యాప్‌లను తొలగించింది. ఉద్యోగాలు చూపించే నౌక్రీ, ఇళ్ల స్థలాలు చూపించే 99 ఏకర్స్, పెళ్లి సంబంధాలు చూపించే షాదీ, భారత్ మ్యాట్రిమొనీ వాటిలో ఉన్నాయి. క్రిస్టియన్ మ్యాట్రిమొనీ కూడా ఉంది. మన సంఘాల్లో పిల్లలకు విశ్వాస కుటుంబాల్లో సంబంధం దొరకాలని ప్రార్థించే తల్లిదండ్రులు ఎంతోమంది ఫోనులో వెతికేది ఇలాంటి చోట్లనే. అంతకుముందే యాప్ పెట్టుకున్నవాళ్లకు అది పనిచేస్తూనే ఉంది. కొత్తగా పెట్టుకోవాలనుకున్నవాళ్లకు మాత్రం ప్లే స్టోర్‌లో కనిపించలేదు. కేంద్ర మంత్రి అశ్వినీ వైష్ణవ్ జోక్యం చేసుకున్నాక, మార్చి 5 నాటికి యాప్‌లను తిరిగి పెట్టడానికి గూగుల్ ఒప్పుకుంది.

ఆ యాప్‌లు మోసం చేశాయనో, ఫోనుకు హాని చేశాయనో తీసెయ్యలేదు. గూగుల్ అడిగిన వాటా కట్టలేదన్నదే కారణం. ఆ వాటా ఏమిటో తెలుసుకుందాం.

కిరాణా సరుకులు, బస్సు టికెట్, హోటల్ భోజనం యాప్‌లో కొంటే గూగుల్ వాటా అడగదు. పాటలు, పాఠాలు, ఆటలు, సినిమాలు, సంబంధాలు చూసే సభ్యత్వాలు, ఇలా ఫోనులోనే వాడుకునే డిజిటల్ సరుకు అమ్మితే మాత్రం వాటా ఉంటుంది. ఏడాదిలో మొదటి పది లక్షల డాలర్ల రాబడి మీద నూటికి 15, ఆ పైన నూటికి 30. నెలనెలా కట్టే సభ్యత్వాల మీద నూటికి 15. డబ్బు గూగుల్ బిల్లింగ్ ద్వారా కాకుండా వేరే దారిలో కట్టించుకుంటే ఈ వాటాలో నాలుగు శాతమే తగ్గుతుంది. అంటే 15 ఉన్నచోట 11, 30 ఉన్నచోట 26.

మన లెక్కలో చూద్దాం. ఒక విశ్వాసి పిల్లలకు సండే స్కూల్ పాఠాలు, పాటల ట్రాకులు ఉండే యాప్ తయారుచేసి నెలకు 100 రూపాయల చందా పెట్టాడనుకుందాం. 500 కుటుంబాలు చేరితే నెలకు 50,000 వస్తుంది. అందులో 7,500 గేటు దగ్గర ఆగిపోతుంది. మిగిలిన దానిలోంచే సంగీతం వాయించినవాళ్లకు, బొమ్మలు గీసినవాళ్లకు, పన్నులకు ఇవ్వాలి. చివరికి అతను చందా పెంచుతాడు, లేదా పని మానుకుంటాడు. చందా పెంచితే ఆ సుంకం కట్టేది మన ఇళ్లే. మానుకుంటే ఆ పాటలు పిల్లలకు అందవు. అదే 100 రూపాయలు యూపీఐ ద్వారా టీ కొట్టుకు పంపితే, 2020 జనవరి నుంచి ఆ కొట్టువాడి దగ్గర చార్జీ ఏమీ పట్టకూడదన్నది మన దేశపు నిబంధన. ఈ తేడా చూసినవాళ్లకు ప్రశ్న రాక మానదు.

న్యాయంగా మాట్లాడాలంటే అవతలివాళ్ల వాదన కూడా వినాలి. ఈ వాటా కేవలం డబ్బు చేరవేసినందుకు కాదని గూగుల్ అంటోంది. ఆండ్రాయిడ్‌ను ఫోన్ల కంపెనీలకు ఉచితంగా ఇస్తున్నామని, మోసపు యాప్‌లను ఏరివేస్తున్నామని, కోట్లాది ఫోన్లకు చేర్చే దారి వేశామని చెబుతోంది. తన స్టోర్‌ను వాడే భారతీయ యాప్ తయారీదారులు రెండు లక్షలకు పైగా ఉంటే, వాళ్లలో డిజిటల్ సరుకు అమ్మి వాటా కట్టాల్సినవాళ్లు నూటికి ముగ్గురేనని, మొండికేసినవి పది కంపెనీలేనని కూడా అప్పట్లో చెప్పింది. ఆ కంపెనీల పిటిషన్లను మద్రాసు హైకోర్టు కొట్టేసింది. 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు మధ్యంతర రక్షణ ఇవ్వడానికి ఒప్పుకోలేదు. ఆ తర్వాతే యాప్‌ల తొలగింపు జరిగింది. దారి వేసినవాడు కూలి అడగడం తప్పు కాదు. పనివాడు జీతానికి పాత్రుడన్న మాట మనకు తెలిసినదే.

అయితే మన దేశంలో పోటీ చట్టాన్ని కాపాడే సంస్థ అడిగింది కూలి గురించి మాత్రమే కాదు. ఆ సంస్థ పేరు కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా. 2022 అక్టోబరు 20న ఆండ్రాయిడ్ విషయంలో గూగుల్‌కు 1,337.76 కోట్ల రూపాయలు, అయిదు రోజుల తర్వాత ప్లే స్టోర్ బిల్లింగ్ విషయంలో 936.44 కోట్ల రూపాయలు జరిమానా వేసింది. యాప్‌లు తన బిల్లింగే వాడాలని పట్టుబట్టడం, బయట మరో దారి ఉందని కొనేవాళ్లకు చెప్పనివ్వకపోవడం కమిషన్‌కు తప్పుగా కనిపించాయి. తన సొంత యూట్యూబ్‌కు మాత్రం ఆ నియమం పెట్టుకోలేదని కూడా కమిషన్ ఎత్తిచూపింది.

తర్వాత అప్పీళ్లు నడిచాయి. 2023 మార్చిలో జాతీయ కంపెనీ చట్ట అప్పీలు ట్రిబ్యునల్ ఆండ్రాయిడ్ కేసులో జరిమానాను నిలబెట్టి, కొన్ని ఆదేశాలను తీసేసింది. 2025 మార్చిలో బిల్లింగ్ కేసులో జరిమానాను 216.69 కోట్లకు తగ్గించింది. కానీ ఆధిపత్యాన్ని దుర్వినియోగం చేశారన్న నిర్ణయాన్ని పూర్తిగా కొట్టెయ్యలేదు, కొంతవరకు నిలిపింది. వ్యవహారం సుప్రీంకోర్టుకు చేరింది.

ఇది మన ఒక్క దేశం ఫిర్యాదు కాదు. యాప్‌లు ఒకే బిల్లింగ్ వాడాలని బలవంతం చేయకూడదని దక్షిణ కొరియా 2021లోనే చట్టం చేసింది. ఎపిక్ గేమ్స్ అనే ఆటల కంపెనీ వేసిన దావాలో అమెరికా జ్యూరీ 2023 డిసెంబరులో గూగుల్‌ను తప్పుపట్టింది. బయట తక్కువ ధరకు దొరుకుతుందని చెప్పనివ్వనందుకు యూరోపియన్ కమిషన్ 2025 ఏప్రిల్‌లో ఆపిల్‌కు 50 కోట్ల యూరోల జరిమానా వేసింది. మన దేశంలో నూటికి 95కు పైగా ఫోన్లు ఆండ్రాయిడ్‌వే కాబట్టి మనకు గూగుల్ పేరు ఎక్కువగా వినిపిస్తుంది. గేటు ఎవరిదైనా ప్రశ్న ఒక్కటే.

ఆ ప్రశ్నను అర్థం చేసుకోవడానికి మొదటి సమూయేలు 13వ అధ్యాయం మాకు ఎంతో సహాయపడింది. ఇశ్రాయేలు దేశమంతటిలో కమ్మరి లేకుండా ఫిలిష్తీయులు జాగ్రత్తపడ్డారు. నాగటి నక్కు పదును పెట్టించుకోవాలన్నా, గొడ్డలి నూరించుకోవాలన్నా ప్రతివాడూ ఫిలిష్తీయుల దగ్గరికే దిగి వెళ్లాలి. దుక్కి సాగుతోంది, పంట పండుతోంది. రోజూ చూస్తే కొంప మునిగినట్టు ఏమీ కనిపించదు. యుద్ధం వచ్చిన రోజున మాత్రం సౌలుకు, యోనాతానుకు తప్ప మరెవ్వరికీ ఆయుధం లేదని తేలింది. పదును పెట్టడం ఒక్కడి చేతిలో ఉంటే, పదును ఎప్పుడు ఆపాలో కూడా వాడి చేతిలోనే ఉంటుంది. 2024 మార్చిలో జరిగింది చిన్న రూపంలో అదే.

మరో మాట బాప్తిస్మమిచ్చు యోహానుది. బాప్తిస్మం కోసం వచ్చిన సుంకరులు మేమేం చేయాలని అడిగితే, ఉద్యోగం మానెయ్యండి అనలేదు ఆయన. నిర్ణయించిన దానికంటే ఎక్కువ తీసుకోవద్దన్నాడు. మన సంతల్లో ఆశీలు పాడుకున్నవాళ్ల సంగతి తెలిసినవాళ్లకు ఈ మాట వెంటనే అర్థమవుతుంది. సుంకం ఉండడం పాపం కాదు. రేటు ఎవరు నిర్ణయించారన్నది అసలు విషయం. సుంకం వసూలు చేసేవాడే రేటు పెట్టి, వాడే పోటీ వ్యాపారం చేసి, వాడే తీర్పరి అయి, అవతల మరో దారి ఉందని చెప్పిన నోరు నొక్కితే, అది కూలి కాదు, ఏలుబడి. గూగుల్ సేవకు విలువ ఉందని ఒప్పుకుంటూనే, ఆ నాలుగు పనులూ ఒకే చేతిలో ఉండకూడదని మేము నమ్ముతున్నాం.

అందుకే తప్పు జరిగాక ఏళ్ల తరబడి విచారించే బదులు, పెద్ద సంస్థలకు ముందే హద్దులు గీసే డిజిటల్ పోటీ చట్టం ఆలోచనను మేము స్వాగతిస్తున్నాం. కేంద్రం వేసిన కమిటీ 2024 మార్చిలో ముసాయిదాను ప్రజల ముందు పెట్టింది. దాని మీద పెద్ద కంపెనీల అభ్యంతరాలు గట్టిగానే వినిపించాయి. చిన్నవాళ్ల మాట కూడా అంత గట్టిగా వినిపించాలి. చర్చిల్లో ఉన్న ఇంజనీర్లు, న్యాయవాదులు, చిన్న వ్యాపారులు మన పార్లమెంటు సభ్యులకు ఈ విషయం రాయడం సాక్ష్యంలో భాగమే.

సంఘంగా చేయవలసినవి మరికొన్ని ఉన్నాయి. కరోనా రోజుల నుంచి మన వాక్యం, పాట, ప్రార్థన కూడికల సమాచారం అన్నీ ఫోనులోకి చేరాయి. మంచిదే. కానీ సంఘ సభ్యుల ఫోన్ నంబర్లు ఒక పుస్తకంలో కూడా రాసి ఉన్నాయా? ప్రసంగాల రికార్డులు ఒక్క చానెల్‌లోనే కాక మన దగ్గర ఒక హార్డ్‌డిస్కులో ఉన్నాయా? పాటల పుస్తకాలు బీరువాలో చెదలు పడుతున్నాయా? రేపు ఏదో ఒక గేటు మూసుకుంటే ఆదివారం ఆరాధన ఆగకూడదు. ఏదైనా సభ్యత్వం కట్టేముందు అదే సేవ ఆ సంస్థ వెబ్‌సైటులో ఎంతకు ఇస్తోందో చూడండి. అది నిజాయితీగల దారే. వాటా తప్పించుకోవడానికి దొంగ యాప్‌లు దించుకోవడం మాత్రం విశ్వాసికి తగదు. అన్యాయానికి దొంగతనం జవాబు కాదు.

చివరిగా మన ఇంట్లోకీ చూసుకోవాలి. పెళ్లి ధ్రువపత్రానికి, సమాధుల తోటలో స్థలానికి, సంఘ సభ్యత్వ ఉత్తరానికి బోర్డు మీద లేని రేటు అడిగే గేట్లు మన మధ్య లేవా? మరో సంఘం పేరు ఎత్తనివ్వని కాపరులు లేరా? జక్కయ్య ఇంటికి ప్రభువు వెళ్లాక అతను ముందు మాట్లాడింది రోమా చక్రవర్తి పన్నుల గురించి కాదు, తన చేతిలోని లెక్కల గురించి. పెద్ద గేట్ల దగ్గర న్యాయం అడిగే మనం, మన చిన్న గేట్ల దగ్గర అదే న్యాయం చేసేటట్లు ప్రభువు మనకు కృప దయచేయును గాక.