బువ్వ తప్పుమాటా?

మొన్న ఒక అన్నప్రాశనకి వెళ్ళాను. వెండిగిన్నె, పరమాన్నం, ఫొటోలు, అన్నీ వైభవంగా ఉన్నాయి. మనవణ్ణి ఒళ్ళో కూచోబెట్టుకున్న నానమ్మ, "నా బంగారుకొండ బువ్వ తింటాడూ?" అంది దీర్ఘాలు తీస్తూ. వాడు బోసినోరంతా తెరిచి నవ్వాడు. వెంటనే కోడలు అందుకుంది.

"అత్తయ్యగారూ, బువ్వా లాలా అని నేర్పకండి. రైస్ అనండి. రేపు స్కూల్లో నవ్వుతారు."

పెద్దావిడ నోరు మూసుకుంది. వాడు మాత్రం తర్వాతి మాట కోసం ఆవిడ మొహంలోకి చూస్తూనే ఉన్నాడు.

వాళ్ళింట్లో మర్యాదకి ఊరుకున్నాను గానీ, ఇక్కడ ఊరుకోను.

అమ్మాయీ, ఏ ఇంగ్లీషు కోసం బువ్వని వెలివేశావో, ఆ ఇంగ్లీషు తల్లులు పసివాళ్ళ దగ్గర పొట్టని "టమ్మీ" అంటారు, రైలుని "చూచూ" అంటారు. ఫెర్గూసన్ అనే భాషాశాస్త్రవేత్త 1964లోనే మరాఠీ, అరబిక్, స్పానిష్‌లతో సహా ఆరు భాషల ముద్దుమాటల్ని పోల్చి చూపించాడు. ఎవరి బువ్వ వాళ్ళకుంది!

1997లో పట్రీషియా కూల్ బృందం అమెరికా, రష్యా, స్వీడన్ తల్లుల మాటల్ని రికార్డు చేసి కొలిచింది. మూడుచోట్లా తల్లులు పసివాళ్ళతో మాట్లాడేటప్పుడు అచ్చుల్ని మరింత ఒత్తి, దేనికది విడివిడిగా వినిపించేలా పలుకుతున్నారట. అంటే నానమ్మ రాగం చదువులేనితనం కాదు. పలకా బలపం లేని అక్షరాభ్యాసం.

మరి ముద్దుమాటలు లేకపోతే మాటలే రావా? ఎందుకు రావు! పాపువా న్యూగినీలో కలులీ తల్లులు పసివాళ్ళ కోసం మాటల్ని ముద్దుచెయ్యరు. వాళ్ళ పిల్లలూ చక్కగా మాట్లాడతారు. కానీ అక్కడ పసివాడి చుట్టూ పొద్దస్తమానం మాట్లాడే మనుషులుంటారు. మనమో, నానమ్మ నోరు మూయించి వాడి ముందు ఫోను పెడుతున్నాం. ఫోను పాటలు పాడుతుంది, నిజమే. వాడు "ఉంగా" అంటే మాత్రం తిరిగి "ఉంగా" అనదు.

నేను ఇంగ్లీషు వద్దనడం లేదు. ఏ భాషలో మీకు ముద్దు దానంతటది పొంగుకొస్తుందో, ఆ భాషలో మాట్లాడమంటున్నాను. రైస్ అనే మాట బడిలో ఏ టీచరైనా ఒక్కరోజులో నేర్పుతుంది. బువ్వ నేర్పే బడి నానమ్మ ఒళ్ళే. దాన్ని మూసెయ్యకండి.