ఉద్యోగం ఉండగానే ఇంట్లో చెప్పండి

"ఉద్యోగం నిలబడాలని ప్రార్థించండి" అని మన యౌవనస్థులు అడిగితే ప్రార్థిస్తాం. "ప్రభువు చూసుకుంటాడు, దిగులుపడకు" అంటాం. పోతే ఇల్లు ఎన్ని నెలలు గడుస్తుందని మాత్రం అడగం. డబ్బు దాచుకోవడం అవిశ్వాసమేమో అన్న జంకు మనలో ఇంకా ఉంది. ఏడు సమృద్ధి సంవత్సరాల్లో పంటలో ఐదో వంతు తీసి ఉంచమని ఫరోకు చెప్పినవాడు యోసేపే కదా!

కోలారు బంగారు గనులు మూతపడింది 2001 ఫిబ్రవరి 28న. తరతరాలుగా ఆ భూమి లోపలే పనిచేసిన తెలుగు, తమిళ దళిత కుటుంబాలకు వేరే పని చేతిలో లేదు. అక్కడినుంచి రోజూ రైలెక్కి బెంగళూరు పనులకు వచ్చేవాళ్లు ఇప్పటికీ వేలమంది. అలాంటి ఇళ్లనుంచి మొదటిసారి ఆఫీసు మెట్లెక్కిన పిల్లల గురించే మా దిగులు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులైన దళితులకు ఎస్సీ హోదా లేదు. ఆ దారి మూసుకుపోయాక చాలామందికి దిక్కయింది ప్రైవేటు ఉద్యోగమే. అదీ పోతే వెనక తాతల పొలం లేదు.

ఒక్క జీతం మీద ఇంటద్దె, తమ్ముడి ఫీజు, నాన్న మందులు, చెల్లి పెళ్లి అప్పు నడుస్తున్నప్పుడు "ఆరు నెలల ఖర్చు పక్కన పెట్టుకో" అన్న సలహా ఎగతాళిలా వినిపిస్తుంది. అందుకే లెక్క వేసి చూద్దాం. ఇంటి ఖర్చు నెలకు 30,000 అనుకోండి. ఉద్యోగం పోయాక ఆరు నెలలు కొత్త పని నేర్చుకుని, మూడు నెలలు వెతుక్కోవాలంటే 2,70,000 కావాలి. నెలకు 8,000 దాస్తే దాదాపు మూడేళ్లు. అదే కొత్త పనిని ఉద్యోగం ఉండగానే సాయంత్రాలు, శనివారాలు నేర్చుకుంటే, వెతుక్కునే మూడు నెలలకు 90,000 చాలు. ఏడాదిలో కూడుతుంది. వృత్తి మారాలన్న కోరిక తప్పు కాదు. రాజీనామా ఇచ్చాక మొదలుపెట్టడమే ఖరీదైన పద్ధతి.

ఆ 8,000 మిగలాలంటే ఇంట్లో నిజం చెప్పక తప్పదు. "మా అబ్బాయిది కంపెనీ ఉద్యోగం" అన్న గొప్ప మీద కొత్త అప్పులు పుట్టకముందే చెప్పాలి. అమ్మానాన్నలు భయపడతారు, నిజమే. చెప్పకపోతే వడ్డీ కడతారు.

కాగితాల సంగతి కూడా. కంపెనీ ఇచ్చిన ఆరోగ్య బీమా ఉద్యోగంతోపాటే పోతుంది. షుగరు, బీపీ లాంటి పాత జబ్బులకు సొంత పాలసీ వెంటనే పనికిరాదు, కొంతకాలం ఆగాలి. కాబట్టి అమ్మానాన్నలకు ముందే తీసుకోవాలి. పర్మనెంటు ఉద్యోగికి ఐదేళ్లు నిండితే గ్రాట్యుటీ హక్కు. నాలుగున్నరేళ్లకు మేనేజరు మీద కోపంతో మానేసేవాళ్లు ఒక్కసారి క్యాలెండరు చూసుకోండి.

అన్నిటికంటే ముఖ్యం, "నువ్వే రాజీనామా రాసిచ్చెయ్, రికార్డు బాగుంటుంది" అన్నప్పుడు ఆ గదిలోనే సంతకం పెట్టకండి. ఏడాది పనిచేసిన కార్మికుణ్ణి తొలగిస్తే నెల నోటీసు, పనిచేసిన ప్రతి ఏడాదికీ పదిహేను రోజుల జీతం పరిహారంగా ఇవ్వాలని చట్టం. కార్మికుడంటే ఎవరన్నదానిపై వాదాలున్నాయి. అయినా తనంతట తాను మానేసినట్టు రాసిచ్చినవాడి వాదనకు బలం తగ్గుతుంది. ఒక రోజు గడువు అడిగి, తెలిసిన లాయరుకో యూనియన్‌వాళ్లకో చూపించండి.

ఇక సంఘపెద్దలకు. ఉద్యోగం పోయిన కుర్రాడు ఆదివారం ఆరాధనకు రావడం మానేస్తే వెనకబడ్డాడని అనుకుంటాం. చాలాసార్లు కానుకల సంచి ముందు తలవంచుకోలేకే రాడు. మందిర నిర్మాణానికి అతను రాసిచ్చిన మొత్తంలో బాకీ ఉంటే, అతను అడగకముందే పాస్టరుగారు ఆ పద్దు కొట్టేయవచ్చు. ఆ ఇంటికి ఒక నెల అద్దె మిగులుతుంది.