కోట గోడల వెలుపలి ఇండ్లు

యుద్ధకథలు రెండు విధములు. ఒకటి రణరంగమునకు పోయినవాని కథ. రెండవది అతని రాకకై గుమ్మమున నిలిచినవారి కథ. ఈ రెండవ తెగలో పేరెన్నికగన్నది 1944 జులైలో అమెరికాలో విడుదలైన 'సిన్స్ యూ వెంట్ అవే' అను చలనచిత్రము. 'నీవు వెళ్లినది మొదలు' అని ఆ పేరునకు అర్థము. గృహజీవనమునకు ఎత్తిన మంగళహారతిగా దానిని మెచ్చుకొనువారు నేటికిని కలరు. ఆ హారతి వెలుగు ఎవరి ముఖముపై పడినది, ఎవరిని చీకటిలో నిలిపినది అని అడుగుటకే మేమీ వ్యాసమునకు పూనుకొంటిమి.

సైన్యమునకు పోయిన భర్తకు భార్య వ్రాసిన లేఖల రూపమున మార్గరెట్ బ్యూయెల్ వైల్డర్ రచించిన గ్రంథము దీనికి మూలము. నిర్మాత డేవిడ్ సెల్జ్‌నిక్ స్వయముగా చిత్రకథ వ్రాసెను. జాన్ క్రామ్‌వెల్ దర్శకత్వము వహించెను. కథాకాలము 1943. క్లాడెట్ కోల్బెర్ట్ నటించిన ఆన్ హిల్టన్ అను ఇల్లాలు, భర్త సైన్యమునకు పోగా, ఇద్దరు కూతుళ్లతో ఇంట మిగిలినది. రాబడి తగ్గుటచే ఒక గదిని వృద్ధుడైన కర్నలునకు అద్దెకిచ్చినది. ఆ కర్నలు మనుమని పెద్దకూతురు ప్రేమించి, రైలుస్టేషనులో సాగనంపినది; అతడు ఇటలీలోని సలెర్నోవద్ద మరణించెను. ఇంతలో భర్త జాడ తెలియలేదని తంతి వచ్చినది. తుదకు క్రిస్మసు ముందునాటి రాత్రి అతడు క్షేమమను వార్త అందును. కథ ముగియును.

ఇందలి గుణములను మేము కాదనము. ఆ రైలుస్టేషను ఘట్టమున కంట తడి పెట్టనివారు అరుదు. మాక్స్ స్టైనర్ సంగీతమునకు ఆస్కారు బహుమానము లభించుట న్యాయమే. తన సుఖమునకు లోటు కలిగినదని సణుగు సంపన్నురాలిని చిత్రము సూటిగా ఎత్తిపొడిచినది. సుఖముగా పెరిగిన ఇల్లాలు నౌకానిర్మాణశాలకు పోయి లోహములు అతుకు పని నేర్చుటను గౌరవముతో చూపినది. మా తగవు ఆ కన్నీటితో కాదు; ఆ కన్నీరు ఏ ఇంటికొరకు కార్చవలెనో అది నిర్ణయించిన తీరుతోనే మా తగవు.

అమెరికా గృహము జయింపరాని కోట అను ప్రకటనతో చిత్రము ఆరంభమగును. మంచిది. ఆ కోటలో వంట చేయువారెవరు? ఫిడేలియా అను నల్లజాతి స్త్రీ. జీతమిచ్చు శక్తి యజమానురాలికి లేకపోగా ఆమె మరియొక చోట కొలువు చూచుకొనును. కొన్నాళ్లకు మరల వచ్చి, ఆ కొలువు చేయుచునే, తీరిక వేళలలో ఈ ఇంటిపని జీతము లేకయే చేసెదననును. దీనిని ప్రేక్షకుడు వాత్సల్యమని నమ్మవలెనట! ఆమెకు సొంత ఇల్లు కలదా? సైన్యమునకు పోయిన కొడుకో తమ్ముడో కలడా? ఆమె ఎవరి జాబుకై ఎదురుచూచుచున్నది? దాదాపు మూడు గంటల చిత్రమున ఈ ప్రశ్నలకు తావే లేదు. నిజమునకు ఆ దినములలో వేలకొలది నల్లజాతి స్త్రీలు పరుల వంటిండ్లు విడిచి, మంచి కూలికై యుద్ధ కర్మాగారములకు పోవుచుండిరి. చిత్రము మాత్రము ఆమెను వంటింటికే తిరిగి నడిపించినది.

ఆ పాత్ర ధరించిన హ్యాటీ మెక్‌డేనియల్ సామాన్యురాలు కాదు. ఆస్కారు బహుమానము పొందిన మొట్టమొదటి నల్లజాతి వ్యక్తి ఆమెయే. 1940లో బహుమానమిచ్చిన ఆ సభలోనే ఆమెను తోడి నటులకు ఎడముగా వేరొక బల్లవద్ద కూర్చుండబెట్టిరి. తెరపైనను సభలోనను మర్యాద ఒక్కటే: సేవ కావలెను, సరిపంక్తి కూడదు.

కోటకు వెలుపల నేమి జరుగుచుండెనో చూడుడు. 1942 ఫిబ్రవరి 19న అధ్యక్షుడు రూజ్వెల్టు జారీచేసిన ఉత్తరువు ననుసరించి, జపాను సంతతివారిని సుమారు 1,20,000 మందిని ఇండ్లనుండి వెడలగొట్టి ముండ్లకంచెల నడుమ నిర్బంధించిరి. వారిలో మూడింట రెండు వంతులు అమెరికా పౌరులే. జయింపరాని కోట యని పొగడబడిన గృహమును ఆ ప్రభుత్వమే ఒక్క కాగితముతో జయించినది! 1988లో చట్టము చేసి క్షమాపణ చెప్పి, బ్రతికియున్నవారికి తలకు 20,000 డాలర్లు చెల్లించినది. చిత్రము విడుదలైన నెలలోనే, 1944 జులై 17న, కాలిఫోర్నియాలోని పోర్ట్ షికాగో రేవున మందుగుండు పేలి 320 మంది మరణించిరి. వారిలో 202 మంది నల్లజాతివారు. ఓడలకు మందుగుండు ఎత్తు పని వారికే అప్పగింపబడియుండెను. వారి ఇండ్లకును తంతులు పోయినవి. ఆ గుమ్మములలోనికి ఏ కెమెరా ప్రవేశించినది?

'అది నాటి కాలధర్మము; నేటి తూనికతో తూచరాదు' అని కొందరందురు. ఇది చెల్లని మాట. 1942లోనే 'పిట్స్‌బర్గ్ కొరియర్' అను నల్లజాతివారి పత్రిక, శత్రువుపైనను స్వదేశపు వివక్షపైనను రెండు విజయములు కావలెనని ఉద్యమము నడపినది. ప్రశ్న నాడే పుట్టినది. దానిని వినుటకు మనసు లేకపోయినది. కాలముపై నింద మోపి మనుష్యులను విడిపించుట విమర్శ కానేరదు.

ఈ చిత్రమున మరియొక స్త్రీ కలదు; నౌకాశాలలో పనిచేయు వలసవచ్చిన ఆమె. ఆమెకిచ్చిన పని యేమి? తనకు ఆశ్రయమిచ్చిన దేశమును స్తుతించుట! స్తుతించినంతవరకే వలసవచ్చినవారికి తెరపై చోటు. తరతరములుగా పరభాషాప్రాంతమున కాపురముండి, అచటి పంటలో, పరిశ్రమలో, చదువులో పాలుపంచుకొన్న మన కుటుంబములకు ఇందలి మర్మము విప్పి చెప్పనక్కరలేదు. కృతజ్ఞత మంచి గుణమే. కాని అదొక్కటే మనకు అనుమతింపబడిన మాట అయినచో, మనము అతిథులమే గాని ఇంటివారము కాము.

ఆ యుద్ధమున మనవారికిని ఒక గృహరంగము కలదు. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్టణముపై, కాకినాడపై జపాను విమానములు బాంబులు వేసెను. యానామునకు చేరువనున్న కోరంగి రేవు పేరిట బర్మాలో 'కోరంగీలు' అని పిలువబడిన మన తెలుగు కూలీలు, ఆ యేడు బర్మా పడిపోగా, తక్కిన భారతీయులతో కూడి కొండలు, అడవులు దాటి కాలినడకన తరలిరి. ఆ దారిలో వేలకు వేలు రాలిపోయిరి. గంజాము, విశాఖ, గోదావరి తీరములలో వారికై ఎదురుచూచిన తల్లులకును భార్యలకును తంతి యిచ్చిన నాథుడు లేడు. వారి నిరీక్షణ, ఆ తెరపై ఇల్లాలి నిరీక్షణకు ఏ మాత్రము తక్కువ?

కనుక ఈ చిత్రమును చూడవలదని మేమనము. చూడుడు, కన్నీరు వచ్చిన కార్చుడు. కాని కూతుళ్లకు చూపునపుడు ఫిడేలియా ఇల్లెక్కడ అని అడుగుడు. పిదప మన ఇంటి పెద్దలు బర్మానుండి తిరిగివచ్చిన కథ యేదేని మిగిలియున్నచో, అది మాయకమునుపే కాగితముపై పెట్టుడు. ఎవరి గడపను ఎవరును వ్రాయరో, ఆ గడప కాలక్రమమున లేనిదే యగును.