కిటికీలో పల్నాడు

"ముళ్ళమొక్కలు ఇంట్లో ఉంచరాదు మాస్టారూ, కలహం వస్తుంది" అని మొన్న మా వసారాలో కూర్చున్న ఒక పెద్దమనిషి హితవు చెప్పారు. వారి ఇంటి గుమ్మానికి దిష్టి తగలకుండా కలబంద తలక్రిందులుగా వేలాడుతూ ఉంటుంది. దాని అంచుల నిండా ముళ్ళే. గడప బయట రక్షగా ఉన్న ముల్లు గడప దాటి లోపలికి రాగానే అరిష్టం ఎట్లా అవుతుందని అడగబోయి, అతిథి మర్యాదకు వెరచి ఊరుకున్నాను. ఆనాడు మింగిన మాట ఈనాడు ఇక్కడ బయట పెడుతున్నాను. మిత్రులు మన్నింతురు గాక.

ఆ కలబందనే చూడండి. వేళ్ళు ఆకాశానికీ ఆకులు నేలకూ తిప్పి, చారెడు మన్నైనా లేకుండా, చుక్క నీరైనా పోయకుండా కట్టివేస్తే నెలల తరబడి బ్రతికి ఉంటుంది. ఒక్కొక్కప్పుడు కొత్త ఆకు కూడా వేస్తుంది. అంతటి మొండి ప్రాణిని మనం దిష్టిబొమ్మల కోవలో చేర్చి, మొక్కగా చూడడం మానుకున్నాం. నా వాదమంతా ఇంతే: ఇంటిలోపల కుండీలలో చిన్న ముళ్ళతోట వేయదలచినవారు నర్సరీకి పోయేముందు ఒకసారి తమ ఊరి గట్టుకు పోయి రావాలి.

మా విజయపురి సౌత్‌లో ఈ మాట అంటే నవ్వుతారు. ఈ ఊరు పుట్టిందే నీటికోసం. 1955 డిసెంబరు 10న నెహ్రూ నాగార్జునసాగరానికి శంకుస్థాపన చేయడం, కృష్ణకు ఇరుదరులా ప్రాజెక్టు కాలనీలు వెలియడం, 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీరు విడవడం, ఇదీ మా స్థలపురాణం. 590 అడుగుల మట్టానికి నిండే జలాశయాన్ని కళ్ళెదుట పెట్టుకొని నీరక్కరలేని మొక్కలు పెంచడమేమిటని వారి ప్రశ్న. కాని ఆ నీటి అంచు దాటి నాలుగడుగులు పైకెక్కితే ఉన్నది పాత పల్నాడే: అదే నాపరాయి, అదే రెంటచింతల ఎండ. శ్రీనాథునికి ఆపాదించే చాటువు ఒకటి పల్నాటి పల్లెలలో కనబడేవాటిని ఎకసక్కెంగా ఏకరువు పెడుతుంది. రాళ్ళు, పాములు, తేళ్ళు అందులో ఉన్నాయి, జెముడు లేదు. కవిసార్వభౌముని కంటికి కూడా అది ఆనలేదన్నమాట. గణాలకు ఒదగలేదేమో, చెప్పలేం.

పేర్ల సంగతి కొంత చెప్పక తప్పదు. పంతులు బుద్ధి ఎక్కడికి పోతుంది? జెముడు అన్న ఒక్క మాటతో మనవారు రెండు వేరు వేరు వంశాలను పిలుస్తారు. కాక్టస్ కుటుంబం దాదాపుగా అమెరికా ఖండాలది; ఒకే ఒక్క జాతి ఆఫ్రికాలోనూ సింహళంలోనూ కూడా సహజంగా పెరుగుతుంది. కనుక మన చేలగట్లమీది నాగజెముడు పరదేశి. బొమ్మజెముడు, వైద్యగ్రంథాలలో స్నుహి అని చెప్పే ఆకుజెముడు మన గుట్టల మొక్కలు. గుర్తుపట్టడం సులభం. వీటిని గిల్లితే పాలు కారుతాయి, ముళ్ళు జంటగా వస్తాయి. నాగజెముడుకు పాలు రావు, దాని ముళ్ళు నూగు మెత్తవంటి చిన్న చుక్క నుండి గుత్తిగా పుడతాయి. ఇక బ్రహ్మజెముడు అన్న పేరు ఊరికొక మొక్కకు పెట్టుకున్నారు. ఆ పేరు చెప్పినప్పుడల్లా తరగతిలో ఎవడో ఒకడు బ్రహ్మచెవుడు అని రాసేవాడు. తప్పు దిద్దేవాణ్ణి గాని, మొక్క చెప్పేది వినని మనబోటి పెంపకందార్ల విషయంలో ఆ మాటా చెల్లుతుందని ఆలస్యంగా తెలిసింది.

నాగజెముడు చరిత్ర తమాషాగా ఉంటుంది. దానిమీద బ్రతికే ఒక పురుగు నుండి మేలైన ఎర్రరంగు వస్తుంది. 18వ శతాబ్ది చివర జేమ్స్ ఆండర్సన్ అనే కుంపిణీ వైద్యుడు ఆ రంగు ఆశతో మద్రాసు సైదాపేటలో నాగజెముడు జాతుల తోట వేశాడు. 1795లో బ్రెజిల్ నుండి మన దేశానికి పురుగు రానే వచ్చింది గాని అది మేలిరకం కాదు. రంగు వ్యాపారం సాగలేదు, కంచె కోసం నాటిన జెముడు మాత్రం పొలాలమీద పడింది. చివరకు 1926లో సింహళం మీదుగా మరొక జాతి పురుగును తెప్పించి దక్షిణాదిన దానిని అణచవలసి వచ్చింది. ఈ మొక్కను ఇంటిలోకి తేవద్దనే నా సలహా. దాని సన్నని నూగుముళ్ళు వేలిలో దిగితే పట్టకారుకు కూడా చిక్కవు.

మన తెలుగునేలకు సంబంధించిన మరొక ముచ్చట ఇంతకంటె విలువైనది. సామర్లకోట వృక్షోద్యానాన్ని రాక్స్‌బర్గ్ తరువాత చూసుకున్న బెంజమిన్ హైనె మన దేశంలో ఉండగా రణపాల ఆకును నమిలి చూశాడు. పొద్దున పుల్లగా, మధ్యాహ్నానికి చప్పగా, సాయంకాలానికి కాస్త చేదుగా ఉందని వ్రాశాడు. అది 1815లో లండన్‌లోని లిన్నేయన్ సొసైటీ పత్రికలో అచ్చయింది. ఇటువంటి మొక్కలు ఎండలో పత్రరంధ్రాలు మూసుకొని, రాత్రి చల్లదనంలో తెరిచి బొగ్గుపులుసు వాయువును ఆమ్లంగా నిలువ చేసుకుంటాయి. పగలు వెలుతురు రాగానే దానితో వంట మొదలుపెడతాయి. అందుకే పొద్దుటి పులుపు మధ్యాహ్నానికి పోతుంది. శాస్త్రజ్ఞులు ఈ పద్ధతికి రణపాల కుటుంబం పేరే పెట్టారు. ఇప్పుడు దుకాణాలలో "ఇది రాత్రిపూట ప్రాణవాయువు ఇస్తుంది, పడకగదిలో పెట్టుకోండి" అని అమ్ముతున్నారు. రాత్రి అది పీల్చేది బొగ్గుపులుసు వాయువు. ప్రాణవాయువు తయారు కావడానికి వెలుతురు కావాలి. పడకగదిలో పెట్టుకోండి, తప్పులేదు, అందంగా ఉంటుంది.

ఇక నా సొంత పాతకాలు. మొదటి ఏడాదిలో ఏడు మొక్కలు చంపాను. ఏడింటినీ నీటితోనే చంపాను. పొద్దున్నే స్నానం చేసి తులసికి నీళ్ళు పోసిన చేతితోనే వీటికీ చెంబుడు పోసేవాణ్ణి. పైమన్ను అరగంటలో ఆరేది, అడుగున బురద అట్లాగే ఉండేది. వేళ్ళకు గాలి అందక కుళ్ళు మొదలై, మొదలు మెత్తబడి, ఒకనాడు తాకగానే కూలేది. మొక్క ముందే చెబుతుంది. ముడతలు పడితే దాహం. మెత్తబడి గాజులా మెరిస్తే మునిగిపోతున్నది. పాలిపోయి సన్నగా సాగితే వెలుతురు చాలలేదు. ముడతను చూసి కంగారుపడవద్దు, ఒకసారి తడిపితే తేరుకుంటుంది. మెత్తబడితే పైన గట్టిగా ఉన్న ముక్క కోసుకొని మళ్ళీ మొదలుపెట్టడమే గతి.

అప్పటినుండి నా పద్ధతి ఇది. అడుగున చిల్లి ఉన్న మట్టికుండీ, లేదా చిల్లి పెట్టించిన మూకుడు. గాజు గిన్నెలలో తోటలు చూడముచ్చటగా ఉంటాయి, నీరు పోయే దారి లేక నాలుగు నెలలలో శవపేటికలవుతాయి. మన్ను మూడు పాళ్ళు: ఎర్రమన్ను ఒకటి, ముతక ఇసుక ఒకటి, ఇటుక, పెంకు నలగగొట్టిన ముక్కలు ఒకటి, పైన పిడికెడు బాగా చివికిన పశువుల ఎరువు. కొమ్మ కోసిన వెంటనే పాతకూడదు. నీడలో వారం పది రోజులు ఆరి కోత మానాలి. జెముడు పాలు కంటిలో పడితే ప్రమాదం. కోసేటప్పుడు పిల్లలను దూరంగా పంపి, చేతులు సబ్బుతో కడుక్కోవాలి. తూర్పు కిటికీలో రోజూ మూడు నాలుగు గంటల ఎండ తగలాలి. అంత ఎండ రాని గదికి చాగ ఒక్కటే శరణ్యం. స్నేక్ ప్లాంట్ అని వందలు పోసి కొంటున్న మొక్కకు మన చాగ సొంత బంధువు. పుల్ల గుచ్చి చూసి, అడుగుదాకా పొడిగా ఉంటేనే నీళ్ళు. వేసవిలో పదిరోజులకొకసారి, వానాకాలంలో అంతకంటె తక్కువ.

నర్సరీవారిమీద నాకు ద్వేషం లేదు. కడియం తోటల పనితనం తెలిసినవాణ్ణే. కాని ముళ్ళమధ్య ఎండు పూవును జిగురుతో అంటించడం, మొదట్లో రంగురాళ్ళు కదలకుండా అతకడం, ఆకుపచ్చ కాండంమీద ఎర్రని తల అంటుగట్టి దాని ఆయువు కొద్ది ఏళ్ళేనని చెప్పకపోవడం నాకు మింగుడుపడదు. ఆ ఎర్రతలలో పత్రహరితం లేదు, అది కింది మొక్క పెట్టే తిండితో బ్రతుకుతుంది. కింది మొక్క వాలిపోయినప్పుడు, కొన్నవారు తమ చేతిలో ఏదో దోషముందని నొచ్చుకొని మొక్కలే మానేస్తారు. అట్లా మానేసినవారిని నేను ముగ్గురిని ఎరుగుదును.

గట్టుకు పోవాలన్నాను గాని గట్టును దోచుకోవాలనలేదు. నల్లేరు రెండు కణుపులు చాలు, వేలాడే కుండీలో వేస్తే తీగ దానంతటదే దిగుతుంది. నల్లేరుమీద బండి నడక అంటారే, ఆ నల్లేరు చక్రం క్రింద నలిగి కూడా మళ్ళీ చిగురిస్తుంది. లేత కణుపులతో పచ్చడి చేసుకోవచ్చు. చేతులకు నూనె రాసుకోకపోతే దురద. కుందేటి కొమ్ములను మాత్రం వేళ్ళతో పెకలించకండి. పశువుల కాపర్లు ఉప్పు అద్దుకొని తినే ఈ మొక్క బండల సందులలో నెమ్మదిగా పెరుగుతుంది. ఒక్క కొమ్మ తుంచుకొని మిగతాది వదిలిపెట్టాలి.

ఆ ఒక్క కొమ్మే నేనూ తెచ్చి, మూకుడులో నాటి, హాలు కిటికీలో పెట్టాను. రెండేళ్ళకు, ఈ వానాకాలంలో, కొనకు నల్లని ముదురు ఎరుపు పూలు బంతిలా గుత్తిగా విచ్చాయి. నా సంతోషానికి మేర లేదు. ఆ రోజే ఇంట్లో ఎలుక చచ్చిందని మా ఆవిడ బీరువా వెనుక, బియ్యం డబ్బాల క్రింద వెతకడం మొదలుపెట్టింది. రెండు రోజులు నేనూ సాయం పట్టాను. మూడవనాడు ఈగలన్నీ ఆ పూలగుత్తిమీద ముసరడం చూసి విషయం అర్థమయింది. పుప్పొడి మోయడానికి అది పిలుచుకునేది ఈగలనే, వాటికి నచ్చే అత్తరు అదే. మూకుడు ఇప్పుడు వసారా గోడమీద ఉంది. పూలు రాలగానే లోపలికి తెచ్చుకోవడానికి అనుమతి దొరికింది.