మెంటర్ పుస్తకాల్లో మా సంతకాలు

గ్రేడు ఇచ్చే న్యాక్ బృందం వస్తోందంటే చాలు, మా కాలేజీల్లో మెంటర్ పుస్తకాలు రాత్రికి రాత్రే నిండిపోయేవి. నెలకోసారి విద్యార్థితో మాట్లాడినట్టు ఒక తేదీ, ‘హాజరు బాగుంది, ఇంకా కష్టపడాలి’ అని ఒక ముక్క, కింద రెండు సంతకాలు. ఏడాది పొడవునా ఒకే పెన్ను, ఒకే సిరా. కర్ణాటకలో వేమగల్, నరసాపుర, కోలారు చుట్టుపక్కల పాఠాలు చెప్పుకుని బతికిన మావాళ్ళలో ఈ పని చెయ్యనివాళ్ళు తక్కువ. ఏ కోర్సులో చేరాలో, ఏది వదలాలో, చదివాక ఎటు పోవాలో పిల్లలకు చెప్పడం మా పనేనని ఆ పుస్తకం పెట్టిననాడే ఒప్పుకున్నాం. ఆ తర్వాత చేసిందల్లా సంతకాలే.

2021లో కొత్త విద్యా విధానాన్ని దేశంలో అందరికంటే ముందు అమలు చేసింది కర్ణాటకేనని గొప్పగా చెప్పుకున్నాం. నాలుగేళ్ళ డిగ్రీ, ఓపెన్ ఎలెక్టివ్‌లు. కాగితం మీద ఎంపిక పిల్లలది. స్టాఫ్ రూంలో ముందు లెక్క కట్టింది మాత్రం మా వర్క్‌లోడు. ఏ విభాగంలో గంటలు తగ్గుతున్నాయో చూసి, పిల్లల్ని అటు సర్దాం. బీకాం చదివే అమ్మాయి నెత్తిన ఆ ఎలెక్టివ్ ఎందుకు పడిందో ఆమెకు తెలియదు, మాకు తెలుసు. అతిథి అధ్యాపకుల పొట్ట ఆ గంటల మీదే నడుస్తుంది గనక దీన్ని నేను పూర్తిగా తప్పుపట్టలేను. కానీ ఆ పిల్లకు నిజమైనా చెప్పి ఉండాల్సింది. 2024లో ప్రభుత్వం మళ్ళీ మూడేళ్ళ డిగ్రీకే వచ్చింది. మధ్యలో చిక్కుకున్న బ్యాచులు నాలుగో ఏడు చదవాలా మానాలా అని అడిగితే సర్క్యులర్ చూసుకోమన్నాం.

పనులు లేని ఊరైతే మా మౌనానికి ఏదో సాకు ఉండేది. నరసాపురలో హోండా ఉంది. వేమగల్ పారిశ్రామిక వాడలో టాటాలు ఎయిర్‌బస్‌తో కలిసి హెచ్125 హెలికాప్టర్లు బిగించే కర్మాగారం పెట్టారు. ముప్పై మంది, ఆపైన పనిచేసే సంస్థ ఏదైనా తన సిబ్బందిలో రెండున్నర నుంచి పదిహేను శాతం దాకా అప్రెంటిస్‌లను పెట్టుకోవాలని చట్టం. ఈ ఒక్క సంగతి మా డిగ్రీ తరగతుల్లో ఎవరైనా చెప్పగా నేను వినలేదు. ఆ ఖాళీలోకి లేబర్ కాంట్రాక్టరు తాలూకు ఏజెంటు వచ్చాడు. జీతమెంత, షిఫ్టెప్పుడు, బస్సెక్కడ ఎక్కాలి, అన్నీ చెబుతాడు. నిజమో అబద్ధమో, అడిగినదానికి జవాబంటూ ఇస్తాడు.

2020 డిసెంబరు 12న నరసాపురలోని విస్ట్రాన్ ఫ్యాక్టరీలో జీతాల గొడవలో కార్మికుల చేతుల్లో అద్దాలు పగిలాయి. ఇంజినీరింగ్ చదివినవాళ్ళకు నెలకు 21,000 రూపాయలని చెప్పి 16,000, ఆ తర్వాత 12,000 చేతిలో పెట్టారన్నది కార్మికుల గోడు, పత్రికల్లో వచ్చింది. మేం స్టాఫ్ రూంలో పేపరు మడిచి ‘ఈ కాలం పిల్లలకు ఓర్పు లేదు’ అనుకున్నాం. నియామక పత్రం ఎలా చదవాలో, జీతం చీటీలో కోతలు ఎక్కడ చూడాలో వాళ్ళకు మేం నేర్పామా అన్న ప్రశ్న ఒక్కరి నోటా రాలేదు.

పీయూసీ, అంటే ఇక్కడి ఇంటర్, దగ్గర మా నిర్లక్ష్యం ఇంకా ఖరీదైనది. వృత్తి కోర్సుల ప్రవేశ పరీక్ష సీఈటీలో గ్రామీణ కోటా పదిహేను శాతం. ఒకటి నుంచి పది దాకా పల్లె బడిలోనే చదివినట్టు సర్టిఫికెట్ కావాలి, దాని మీద బ్లాకు విద్యాధికారి (బీఈఓ) సంతకం కావాలి. వేమగల్ ఇప్పుడు కురుగల్‌తో కలిసి పట్టణ పంచాయితీ అయింది. పట్టణ పరిధిలో ఉన్న బడిలో చదివితే ఆ కోటా వర్తించదు. నాలుగో తరగతి పిల్లవాడి పదేళ్ళ లెక్క ఎక్కడ తెగుతుందో ఇప్పుడే తల్లిదండ్రుల్ని కూర్చోబెట్టి చెప్పాలి. పట్టణ పంచాయితీ ఎన్నికల్లో ఎవరు గెలుస్తారో మాత్రం మేమంతా గంటల తరబడి చర్చించాం.

ఈ ప్రాంతంలో ఎన్నో ఇళ్ళలో తెలుగు, బడిలో కన్నడం, డిగ్రీలో ఇంగ్లీషు. మాలోనూ చాలామంది ఇంట్లో మాట్లాడేది తెలుగే. కోలారు మార్కెట్‌లో టమాటా దించి, అటునుంచటే కాలేజీకి వచ్చిన తండ్రి ‘మా పాపకి ఏం చదివిస్తే బాగుంటుంది సార్, మీరే చెప్పండి’ అని తెలుగులో అడిగితే, కన్నడంలో మొదలుపెట్టి ఇంగ్లీషులో ముగించి, ప్రాస్పెక్టస్ చేతికిచ్చి పంపాం. కుర్చీ వేసి, ఆయన మాటలోనే పాప మార్కులేమిటి, ఇంటి అప్పులేమిటి, హాస్టలుకు పంపుతారా లేదా అని అడిగి ఉంటే అరగంటలో తేలేది. తెలుగులో మాట్లాడితే లెక్చరర్ హోదా తగ్గుతుందనుకున్నాం. ఫ్యాక్టరీ ఏజెంటు టీ అంగడిలో ఆయన పక్కన కూర్చుని తెలుగులోనే మాట్లాడాడు. ఆ పాప రెండో ఏడు పరీక్ష ఫీజు కట్టలేదు.