పక్షవాతం: పసరుతో గడువు మీరుతోంది

పల్లెలో ఎవరికైనా కాలూ చెయ్యీ పడిపోతే ముందుగా పసరు పోసేవారి ఇంటికి తీసుకుపోవడం కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాల్లో పాత అలవాటు. పావురం రక్తం రాసేవారూ ఉన్నారు. కొందరికి సాయంత్రానికల్లా చెయ్యి లేస్తుంది, మాట వస్తుంది. పసరుకు పేరు వస్తుంది. వారం తిరగకముందే అదే మనిషి మంచం పడతాడు.

ఇందులో పసరు మహిమ ఏమీ లేదు. మెదడుకు రక్తం తీసుకుపోయే పెద్ద నాళాలు మెడకు రెండు పక్కలా ఉంటాయి. బీడీ, చుట్ట, రక్తపుపోటు, చక్కెర వ్యాధి వల్ల వీటిలో కొవ్వు పేరుకుని దారి ఇరుకవుతుంది. అక్కడ పుట్టిన చిన్న గడ్డ మెదడులోకి పోయి, దానంతటదే కరిగితే మనిషి తేరుకుంటాడు. ఒక కంటికి కాసేపు తెర కమ్మినట్లు కావడమూ ఇలాంటి హెచ్చరికే. తర్వాత వచ్చే గడ్డ కరగకపోవచ్చు. కనుక తేరుకున్న ఆ రోజుల్లోనే మెడకు డాప్లర్ పరీక్ష చేయించాలి. నాళం 70 శాతం, ఆపైన పూడితే ఆపరేషన్ మేలు చేస్తుందని 1991లోనే తేలింది. అదీ రెండు వారాల్లోపు చేస్తే మేలు ఎక్కువ. అయితే హైదరాబాదు నిమ్స్ వైద్యుల పరిశీలనలో మనవారికి మెడలో కంటే తల లోపలి నాళాల్లోనే పూడికలు ఎక్కువగా కనబడ్డాయి. మెడ ఒక్కటి చూసి సరిపెట్టరాదు.

పూర్తిగా పడిపోయినవారికి గడ్డ కరిగించే ఇంజక్షన్ నాలుగున్నర గంటల్లోపు పడాలి. దానికి ముందు సీటీ స్కాన్ తప్పదు. మెదడులో రక్తం చిమ్మి ఉంటే ఆ మందే ప్రాణం తీస్తుంది. గడ్డ అడ్డుపడినా మొదటి గంటల్లో స్కాన్ మామూలుగానే కనబడవచ్చు. "స్కానింగులో ఏమీ లేదట" అని ఇంటికి తెచ్చుకుంటే గడువు చేజారినట్లే.

ఆదిలాబాద్ నుంచి హైదరాబాదు సుమారు 300 కిలోమీటర్లు. ఉట్నూరు అవతలి గూడెం నుంచి రోడ్డెక్కడానికే ఎంతసేపు పడుతుందో అక్కడివారికే తెలుసు. పెద్ద నాళంలోని గడ్డను తీగతో లాగివేసే చికిత్సకు, తగిన రోగులకు 24 గంటల దాకా వ్యవధి ఉందని 2018 నాటికి రుజువైంది. దానికి పట్నం పోవలసి రావచ్చు. ఇంజక్షన్ కోసం మాత్రం అంత దూరం పోవలసిన పని ఉండకూడదు.

ఆదిలాబాదులో రిమ్స్ 2008లో వచ్చింది. మంచిర్యాల, జగిత్యాల, రామగుండంలలో 2022లో, కరీంనగర్, సిరిసిల్ల, నిర్మల్, ఆసిఫాబాదులలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వెలిశాయి. బోర్డు ఒక్కటే చాలదు. రాత్రి రెండు గంటలకు స్కాన్ తీసే మనిషి ఉండాలి. ఫోటో హైదరాబాదుకు పంపి అయినా సరే, చూసి చెప్పే వైద్యుడు ఉండాలి. బీరువాలో ఇంజక్షన్ ఉండాలి. ఇక్కడే మందు ఇచ్చి, అవసరమైనవారిని ఆ తర్వాత పంపాలి. ఏ ఆసుపత్రిలో స్కాన్ నడుస్తున్నదో 108 సిబ్బందికి ముందే తెలిసే ఏర్పాటు కలెక్టర్లు చేయాలి.

పసరు పోసేవారిని తిట్టి ప్రయోజనం లేదు. ఊళ్లో ముందు కబురందేది వారికే. మూతి వంకర పోయి, చెయ్యి పడిపోయి, మాట తడబడుతూ ఎవరైనా వస్తే వెంటనే 108కి ఫోన్ చేయాలని ఆశా కార్యకర్తలు వారికి నేర్పవచ్చు.